చర్చి మెట్ల మీద కూర్చున్న పిల్ల

సన్నీవేల్‌లో నేను మూడేళ్లు ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకున్నాను. ఇరవయ్యేళ్లు కావస్తోంది. ఆ వీధిలో ఇప్పుడు మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. మొన్నామధ్య మా పిల్లలకు ఆ ఇంటి చోటు చూపిద్దామని కారు ఆపాను గానీ, వాకిలి ఏ వైపు ఉండేదో కూడా తేల్చుకోలేకపోయాను. పిల్లలు కార్లోంచి దిగలేదు. వాళ్లను తప్పు పట్టను. చూపించడానికి అక్కడ ఏమీ లేదు.

ఆవిడ ఇంట్లో చేరకముందు నేను ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు చర్చిలో కీబోర్డు వాయించేదాన్ని. మా నరసాపురం మిషన్ స్కూల్లో సంగీతం టీచరమ్మ ఒకావిడ నాకు పదేళ్లప్పుడే గీతల మీద రాసిన స్వరాలు చదవడం నేర్పింది. ఆ చదువే నాకు అమెరికాలో ఇల్లు సంపాదించి పెట్టింది. మా చర్చిలో నర్సుగా పనిచేసే ఆంటీ ఒకరు, తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడకు కొన్నాళ్లు ఇంటికెళ్లి సేవ చేశారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

"రూమ్ వెతుక్కుంటున్నానన్నావు కదమ్మా. ఆవిడ ఒక్కతే ఉంటుంది. కొంచెం స్ట్రిక్టు గానీ మనసు మంచిది. ఇంట్లో పెద్ద పియానో ఉంది. వాయించేవాళ్లు లేరని బాధపడుతుంటుంది. ఒకసారి వెళ్లి కలువు. నచ్చితే మూవ్ అవ్వు."

తలుపు తీసినావిడ పొట్టిగా ఉంది. మెడ వరకు కత్తిరించిన తెల్ల జుట్టు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఉన్ని కోటు. నా ముఖంలోకి చూడకుండా నా చెవి పక్కగా చూస్తూ మాట్లాడింది. నేను నచ్చలేదేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆవిడకు కంటిచూపులో మధ్య భాగం పోయింది, పక్క చూపే మిగిలింది. మనిషి కనిపించాలంటే మనిషిని తప్పించి చూడాలి.

నన్ను నేరుగా పియానో దగ్గర కూర్చోబెట్టింది. మా ఇంట్లో సాయంకాలం ప్రార్థనలో పాడుకునే కీర్తన ఒకటి వాయించాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"పాట బాగుంది. నీ ఎడమ చెయ్యి మాత్రం బద్ధకపుది," అన్నది. పియానో మూత దించి, "శనివారం సామాను తెచ్చుకో," అన్నది.

మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఇన్నేళ్లలో అది నా మనసులో తెలుగైపోయింది. ఆవిడను మొదట నేను అలవాటుకొద్దీ ఆంటీ అన్నాను.

"నేను నీకు ఆంటీని ఎలా అవుతాను?"

"మాలో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవమండీ."

"వియన్నాలో మేమూ పిలిచేవాళ్లం కాదు. అమ్మ స్నేహితురాళ్లందరూ నాకు టాంటెలే, అంటే మీ ఆంటీలే. నువ్వూ అలాగే పిలువు. ఆ మాటతో నన్ను పిలిచినవాళ్లు లేరు." అలా ఆవిడ నాకు టాంటె అయింది.

టాంటె వాళ్ల నాన్న సంగీతకర్త. వాళ్లు యూదులు. వియన్నాలో ఒక నాటకశాలలో వాద్యబృందాన్ని నడిపేవాడట, పాటలు కట్టేవాడట. ఆ పాటల్ని వేదిక మీద పాడిన అమ్మాయే తర్వాత టాంటె వాళ్లమ్మ అయింది. నాజీలు వచ్చిన వారంలోనే ఆయనను నాటకశాల గుమ్మం దగ్గర ఆపేశారు. ఆపినవాడు పదేళ్లుగా ఆయన కోటు అందుకుని తగిలించే మనిషే. అమెరికాలో దూరపు బంధువు ఒకరు పూచీ రాసిస్తే, ఏడాది తిరిగాక ముగ్గురికి వీసాలు దొరికాయి. తాతకు, అమ్మమ్మకు దొరకలేదు. "ముందు మీరు వెళ్లండి, మేం వెనకాల వస్తాం," అన్నారట. వీసా అన్న మాట రోజూ మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర వినేదాన్నే. టాంటె నోట విన్నప్పుడు అది వేరే మాటలా ఉండేది.

ఆ బంధువుకు శాన్ హోజేలో బట్టల దుకాణం ఉండేది. అలా సన్నీవేల్ ఉన్న ఈ లోయకు వచ్చారు. అప్పుడిక్కడ కంపెనీలు లేవు, కనుచూపు మేర పండ్లతోటలే. టాంటెకు ఎనిమిదేళ్లు. వేసవిలో అమ్మ ఆప్రికాట్లు కోసే షెడ్డులో పనికి కుదిరింది. పండును చాకుతో రెండు చెక్కలు చేసి, గింజ తీసి, చెక్కపళ్లేల్లో వరసగా పరిస్తే ఎండకు ఎండబెట్టేవారు. టాంటె కూడా ఒక పెట్టె మీద నిలబడి కోసేది. పండ్ల పులుపుకు వేళ్లు పగిలిపోయేవి. వేదిక మీద చేతులకు పట్టు తొడుగులు వేసుకుని పాడిన మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి పాలగిన్నెలో వేళ్లు ముంచుకుని కూర్చునేదట.

నాన్న సైకిలు మీద తోటలవెంట తిరిగి రైతుల ఇళ్లలోని పియానోలకు శ్రుతి సరిచేసేవాడు. కొన్నింట్లో ఎలుకలు గూళ్లు పెట్టుకుని ఉండేవి. రెండో ఏడు ఊళ్లోని ఒక చర్చిలో ఆర్గన్ వాయించేవాడు కావాలని తెలిసి వెళ్లాడు, కుదిరాడు. పండగలకు కొత్త పాటలు రాసివ్వడం కూడా ఆ పనిలో భాగమే. ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన మాటలు టాంటె నాకు వరస తప్పకుండా చెప్పింది.

"నువ్వు యేసు పుట్టిన పాటలు వాయిస్తున్నావని మా నాన్నకు ఏమని ఉత్తరం రాయను?" అన్నదట అమ్మ.

"పిల్లకు బూట్లు కొన్నామని రాయి."

ఆ ఏడాదంతా ఆదివారాలు అమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఆదివారాలు ఆవిడ ఇతరుల ఇళ్లలో ఇస్త్రీ పనికి వెళ్లేది కాబట్టి పిల్లను ఒంటరిగా వదలలేరు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పిల్ల నాన్న వెంట వెళ్తుంది, లోపలికి మాత్రం పోదు. చర్చి బయట మెట్ల మీద కూర్చుంటుంది. అలా నాలుగైదేళ్లు ప్రతి ఆదివారం ఆ పిల్ల మెట్ల మీద కూర్చుంది. వర్షమొస్తే పై మెట్టుకు జరిగేది. చర్చికొచ్చేవాళ్లు లోపలికి రమ్మని పిలిచేవారట, ఒకావిడ బిస్కెట్లు ఇచ్చేదట. నాన్న బయటికొచ్చి "చలేసిందా?" అని అడిగేవాడు. ఇద్దరూ సైకిలు మీద ఇంటికి వెళ్లేవారు.

తాత దగ్గర్నుంచి ఉత్తరాలు మొదట ఆలస్యమయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. యుద్ధం అయ్యాక ఒక కవరు వచ్చింది. ఇద్దరి పేర్లూ, నాజీలు వాళ్లను శిబిరానికి రైలెక్కించిన తేదీ, అంతే. అమ్మ అది చదివి మడిచి సొరుగులో పెట్టింది. మర్నాడు పనికి వెళ్లింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ పాడలేదు. వంట చేస్తూ కూనిరాగం కూడా తీయలేదు.

"నాన్న కూడా అంతే. అమెరికాలో ఆయన ఏమీ రాయలేదు," అన్నది టాంటె.

"చర్చికి రాశారన్నారుగా?"

"అది సంగీతం కాదు. జీతం."

ఆ ముక్క అనేటప్పుడు ఆవిడ గొంతు గట్టిపడేది. నేను అక్కడితో ఆపేసేదాన్ని.

రెండో ఏడాదిలో ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీ వాళ్లు టాంటెకు ఉత్తరం రాశారు. యూరప్ నుంచి పారిపోయి వచ్చిన సంగీతకర్తల కాగితాలు సేకరిస్తున్నామనీ, నాన్నగారివి ఇస్తే భద్రపరుస్తామనీ. గరాజ్‌లో అవి ఆరు పండ్ల పెట్టెల నిండా ఉన్నాయి. చదువుకోవడానికి ఆవిడకు చూపు చాలదు. అందుకని శనివారాలు పొద్దున్న కాఫీ అయ్యాక నేను ఒక్కో కాగితం తీసి చదివి చెప్పేదాన్ని, అవసరమైతే వాయించేదాన్ని. ఆవిడ కుర్చీలో కూర్చుని "వియన్నా" అనో "అమెరికా" అనో అనేది. వియన్నావి బల్ల మీదికి, అమెరికావి నేల మీదికి.

నా జీవితంలో అంత నెమ్మదిగా గడిచిన శనివారాలు మళ్లీ రాలేదు. కిటికీలోంచి ఎండ పియానో మీటల మీద పడేది. టాంటె గసగసాల కేకు చేసేది, నేను ఆవిడకు పెసరట్లు వేసేదాన్ని. అల్లం పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ వేసుకునేది. ఒక శనివారం మా అమ్మ ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావే?" అంటే, "పాత పాటలు సర్దుతున్నానమ్మా," అన్నాను. "ఎవరివే?" అంటే ఎలా చెప్పాలో తెలియక, "ఇంటావిడ వాళ్ల నాన్నగారివి," అన్నాను.

నేల మీది గుట్టను పారేయమంది టాంటె. నాకు మనసొప్పలేదు. చర్చిలో వాయించేదాన్ని కదా, ఆయన ఏం రాశాడో చూడాలనిపించింది. ఒకరోజు అందులోంచి ఈస్టర్ పండగకు రాసిన బృందగానం ఒకటి తీశాను. పై పాట సాదాసీదాగా ఉంది. ఏ చర్చిలోనైనా పాడుకోవచ్చు. కింద ఎడమచేతి వరస మాత్రం నాకు చిక్కలేదు. ఎంత ప్రయత్నించినా వేళ్లు తడబడుతున్నాయి. సరే, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి వరస ఒక్కటే మెల్లగా వాయించడం మొదలుపెట్టాను.

వంటింట్లో కుళాయి ఆగింది. టాంటె తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఆపు." నేను ఆపాను. "కాదు, ఆపకు. మళ్లీ వాయించు. కింది వరసే."

మళ్లీ వాయించాను. రెండో గీతకు వచ్చేసరికి నా వెనక సన్నగా గొంతు వినిపించింది. ఆవిడ నాతోపాటు పాడటం లేదు, నాకంటే ముందు పాడుతోంది. కాగితం మీద నేను ఇంకా చేరని స్వరాలు ఆవిడ నోట్లోంచి వస్తున్నాయి.

పాట అయిపోయాక గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. చేతుల తడి ఉన్ని కోటుకు తుడుచుకుంది.

"ఇది తాత పాట," అన్నది చివరికి. "శుక్రవారం భోజనాలయ్యాక బల్ల మీద అరచేత్తో తాళం వేస్తూ పాడేవాడు. మాటలు తక్కువ, లై లై అనడమే ఎక్కువ. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడట. ఇది ఎక్కడా రాసి లేదు. మా ఇంట్లోనే ఉండేది."

"మీకు తెలియదా, ఆయన ఇందులో పెట్టారని?"

"తెలియదు. కానీ విన్నాను," అన్నది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మెట్ల మీద కూర్చుంటే లోపలి పాట అంతా వినిపించేది కాదు. తలుపులు మందం. మనుషుల గొంతులు, ఆర్గన్ పై స్వరాలు లోపలే ఉండిపోయేవి. అట్టడుగు స్వరాలు మాత్రం గోడలోంచి బయటికొచ్చేవి. కూర్చున్న మెట్టు కింద సన్నగా అదిరేది.

"ఒక ఈస్టర్ నాడు మెట్టులోంచి తాత పాట వచ్చింది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఆ సరికి లోపలికి వెళ్లినా అడిగేవాళ్లు లేరు, అయినా అలవాటు పడి అక్కడే కూర్చునేదాన్ని. నిద్రలో కలగన్నాననుకున్నాను. చర్చిలో తాత పాట ఎందుకుంటుంది? అమ్మతో అంటే బాధపడుతుందని అనలేదు. నాన్నను అడగలేదు. ఇంకెవరితోనూ చెప్పలేదు. నిజానికి మరిచిపోయాను."

కాగితం అడుగున ఆయన రాసిన తేదీ చూడమంది. చదివి చెప్పాను. తాతను రైలెక్కించిన కబురు వచ్చిన తర్వాతి వసంతం.

"లోపలివాళ్ల కోసం పై పాట రాశాడు," అని మాత్రం అన్నది. మిగతాది అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. గిన్నెలు కడిగిన చప్పుడు మాత్రం రాలేదు.

ఆ తర్వాత నేల మీది గుట్టంతా మళ్లీ మొదటినుంచి చూశాం. ప్రతి కాగితంలోనూ ఏదో దాగుందని నేను ఆశపడ్డాను. టాంటె అలా అనుకోలేదు. "ఇది జీతం," అనేది నిర్మొహమాటంగా, "ఇది కూడా జీతమే. ఎంత నీరసంగా ఉందో చూడు." తొంభై కాగితాల్లో నాలుగింటిలో మాత్రం కింది వరసలో వియన్నా వినిపించింది. ఒకదాంట్లో అమ్మ వేదిక మీద పాడిన పాట ముక్క. అది విన్నప్పుడు టాంటె నవ్వి, "ఎంత ధైర్యం," అన్నది.

అప్పుడు నేనొక పొరపాటు చేశాను. ఈస్టర్ దగ్గర పడుతోంది. ఆ బృందగానం మా తెలుగు చర్చి క్వయర్ చేత పాడిస్తే బాగుంటుందనిపించి, ఆవిడను అడక్కుండానే మా క్వయర్ నడిపే అన్నకు చెప్పేశాను. ఆయన సంబరపడి కాపీలు తీయించారు. ఆవిడకు ఎంతో సంతోషమవుతుందనుకుంటూ ఆ సాయంత్రం చెప్పాను.

"వద్దు," అన్నది టాంటె.

"మా వాళ్లు బాగా పాడతారు టాంటె. మీరూ రావచ్చు. ముందు వరసలో కూర్చోబెడతాను."

"నన్ను లోపల కూర్చోబెట్టాలని ఇన్నేళ్లలో చాలామంది చూశారు," అన్నది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "మీ చర్చి మీద నాకు కోపమేమీ లేదు. ఆయన అది అక్కడ దాచింది, దానికి ఇంకో చోటు లేక. ఇప్పుడు చోటుంది."

నేను చిన్నబుచ్చుకున్నాను. మర్నాడు అన్నకు ఫోన్ చేసి, "సారీ అన్నా, ఆ సాంగ్ కుదరదు," అంటే, "ప్రింట్లు కూడా తీసేశాను కదమ్మా, ఏమైంది?" అన్నారు. "పర్మిషన్ లేదన్నా. తప్పు నాదే," అన్నాను. వారం రోజులు టాంటె, నేను అవసరమైనంత వరకే మాట్లాడుకున్నాం. ఆదివారం చర్చిలో కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు, బయట మెట్ల మీద ఎవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూశాను. మాది అద్దె హాలు. మెట్లు లేవు. ఆ కింది వరస లోపలివాళ్ల కోసం రాసింది కాదని, ఆవిడ ఎందుకు వద్దన్నదో అప్పుడు గానీ నాకు బోధపడలేదు.

ఆ శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా రమ్మంది. ఎండ ఇంకా ఉంది. శుక్రవారం పొద్దుగూకాక యూదుల విశ్రాంతి దినం మొదలవుతుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రెండు కొవ్వొత్తులు పెట్టి ఉంచింది, వెలిగించలేదు.

"వెలిగించాక వాద్యం ముట్టుకోకూడదని తాత పట్టుబట్టేవాడు. నేనవేం పాటించను గానీ, ఇవాళ ఆయన మాట విందాం. ముందే వాయించు. ఎడమచెయ్యి ఒక్కటే."

వాయించాను. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని అరచేత్తో తాళం వేస్తూ పాడింది. డెబ్బై దాటిన గొంతు, పైస్థాయిలో రెండుచోట్ల విరిగింది. విరిగినచోట ఆగి, మళ్లీ అందుకుంది. అయ్యాక లేచి కొవ్వొత్తులు వెలిగించింది. పక్క చూపుతో వత్తి వెతుక్కుంటూ ఉంటే అగ్గిపుల్ల వేళ్లదాకా కాలింది. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

భోంచేస్తూ, "మీ ఇంట్లో ఎవరు పాడేవారు?" అని అడిగింది.

"మా నాన్నమ్మ. వరి నాట్లకు వెళ్లేది. బాప్తిస్మం తీసుకున్నాక పొలం పాటలు మానేయమన్నారట. మాటలు మానేసింది గానీ బాణీలు మానలేదు. దేవుడి మాటలు పెట్టి అవే పాడేది. నేను మొదటిరోజు మీకు వాయించిన కీర్తన బాణీ అదే."

టాంటె ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, చాలాసేపు నవ్వింది. "ఆవిడ, మా నాన్న కలిస్తే బాగా పోట్లాడుకునేవాళ్లు," అన్నది.

మరుసటి ఏడు నాకు పెళ్లయింది. కార్లో గంట దూరంలో ఉన్న డబ్లిన్ అనే ఊరికి మారిపోయాం. టాంటె కూడా ఒంటరిగా ఉండలేక ఇల్లు అమ్మేసి, పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో చేరింది. నెలకు రెండుసార్లయినా వెళ్లేదాన్ని. అక్కడి హాల్లో ఒక పియానో ఉండేది. దాని శ్రుతి ఘోరంగా ఉందని పోరు పెట్టి ట్యూనింగ్ చేయించింది. చేసినవాడి పక్కనే కూర్చుని ఒక్కో తీగకూ తప్పు పట్టిందట.

ఒకసారి వెళ్లేసరికి ఒళ్లో ఒక కవరు పెట్టుకుని కూర్చుంది. లైబ్రరీ వాళ్లు మేం పంపిన కాగితాలన్నీ, నేల మీది గుట్టతో సహా, వరసపెట్టి జాబితా పంపారు. చదవమంది. ఆ బృందగానం దగ్గర "ఈస్టర్ ఆరాధనకు చర్చి పాట" అని ఉంది.

"ఉత్తరం రాయాలి. కాగితం తియ్యి," అన్నది.

ఆవిడ చెబుతుంటే నేను రాశాను. జాబితాలో ఉన్నది తప్పు కాదు, కానీ చాలదు. కింది వరస మా తాతది. ఆయన వియన్నాలో గుండీలు అమ్మేవాడు. సంగీతం చదువుకోలేదు. ఆ పాట ఆయనకు వాళ్ల నాన్న ఇచ్చాడు. దయచేసి ఇది కూడా రాయండి.

"తాత పేరు కూడా రాయి," అన్నది.

ఒక్కో అక్షరమూ ఆవిడ చెబుతుంటే రాశాను. రాసిందాన్ని తిరిగి చదివించుకుంది. రెండు అక్షరాలు తప్పు పడ్డాయి, దిద్దించింది. ఆరు వారాలకు లైబ్రరీ నుంచి జవాబు వచ్చింది. మార్పు చేశామనీ, ధన్యవాదాలనీ. అది కూడా నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాతి చలికాలంలో టాంటె పోయింది.

ఇందులో ఎవరి పేర్లూ రాయడం నాకిష్టం లేదు. ఆ తాత పేరు ఉండవలసిన చోట ఉంది. అప్పుడప్పుడూ కంప్యూటర్‌లో ఆ జాబితా తెరిచి చూస్తాను. సంగీతకర్త పేరు కింద, చిన్న అక్షరాల్లో, గుండీలు అమ్ముకున్న మనిషి పేరు, దిద్దించిన ఆ రెండు అక్షరాలతో సహా, సరిగ్గానే ఉంటుంది.